నా మాట పూర్తి చేసినవాళ్లు

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో మా మిల్లు నలభై ఒక్క రోజులు మూతబడింది. అందుకు కారణం నేను. ఏదో చేసి కాదు, ఏదో అని కూడా కాదు. తల ఊపి.

మనుషుల్లో నాకు అందరికంటే చులకన ఎవరంటే, ఎదుటివాడి మాటను మధ్యలో అందుకుని పూర్తి చేసేవాళ్లు. నాకు నత్తి. క దగ్గర, ప దగ్గర, మ దగ్గర గొంతులో తలుపు పడుతుంది. ఇవతల నేను, అవతల మాట. ఎదుటివాడు ఒక్క క్షణం ఓపిక పడతాడు. రెండో క్షణంలో వాడి ముఖం మీదికి జాలి వస్తుంది. మూడో క్షణంలో చిరాకు. నాలుగో క్షణంలో తనకు తోచిన మాట తీసి నా నోట్లో పెట్టి, పుణ్యం చేసుకున్నవాడిలా చూస్తాడు. నేను తల ఊపుతాను. ఊపితే ఇద్దరికీ బాధ తీరిపోతుంది.

ఒకసారి ములుగు పోవాలని బస్టాండుకు వెళ్లి "మ్... మ్..." అంటుంటే, అక్కడున్న పెద్దమనిషి మడికొండ బస్సెక్కించాడు. తల ఊపి ఎక్కాను. టికెట్టు కూడా మడికొండకే తీసుకున్నాను. అక్కడ దిగి, నడిచి వెనక్కి వచ్చాను. స్టేషన్ రోడ్డు హోటల్లో పెసరట్టు తినాలని కూర్చుని పదకొండేళ్లు పూరీ తిన్నాను. మా పెళ్లి కూడా అలాంటిదే. పిల్ల నచ్చిందా అని పాస్టరు గారు అడిగితే, ఆలోచించుకుని చెప్తానందామని నోరు తెరిచాను. "నచ్చిందట" అని ఆయనే అనేశారు. సారమ్మ నా ఇంటికొచ్చింది. జీవితంలో నా మాటను సరిగ్గా పూర్తి చేసింది ఆ ఒక్కసారే.

వైద్యాలకు కొదవ లేదు. చిన్నప్పుడు వసకొమ్ము అరగదీసి నాలుక మీద రాశారు. పెద్దయ్యాక పాస్టరు గారు నూనె రాసి ప్రార్థన చేశారు. నూనె వాసన మూడు రోజులుంది. నత్తి ఇప్పటికీ ఉంది.

మగ్గాల షెడ్డులో మాత్రం నేను మహారాజుని.

నాలుగు వందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడి చెవిలో అరిచినా వినబడదు. అందుకే షెడ్డులో ఎవ్వరూ నోటితో మాట్లాడరు. అందరివీ చేతులే, పెదవులే. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. చెవి పట్టుకుంటే జాబరు వస్తున్నాడని. బొటనవేలితో గడ్డం గీకితే యూనియన్ లీడరు కిషన్ రావు మీటింగు ఉందని. ఆయన మాట్లాడటం మొదలుపెడితే గడ్డం పెరిగేదాకా ఆపడని షెడ్డంతా వేసుకున్న జోకు అది. ఆ గుర్తు కనిపెట్టింది నేను. అక్కడ అందరూ మూగవాళ్లే. ఆ మూగవాళ్లలో నాకంటే మాటకారి లేడు.

నా పక్క మగ్గాలు యాకయ్యవి. అతనిది రంగశాయిపేట, నాది శివనగర్. పదకొండేళ్లు మేం చేతులతో మాట్లాడుకున్నాం. అతని తమ్ముడి పంచాయితీ, అతని భార్య మొగిలమ్మ అలక, మా ఇంటి రేకు కప్పు కారడం, అన్నీ. షిఫ్టు దిగి గేటు బయటికొస్తే మాత్రం "పోయొస్త దానేలూ" అని ఒక్క మాటని సైకిలెక్కేవాడు. బయట నన్ను మాట్లాడించేవాడు కాదు. అది మర్యాదని నాకు తెలుసు.

మార్చి నెలలో మా జాబరు గట్టయ్యకు కనుబొమ్మ పగిలింది. ఏడు కుట్లు పడ్డాయి.

జాబరంటే మగ్గాలకు రిపేర్లు చేస్తూ మా మీద అజమాయిషీ చేసేవాడు. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె జారి పైకి లేవకుండా అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దాన్ని గార్డు కడ్డీ అంటాం. అదుంటే నాడె మార్చడం నాలుగు క్షణాలు ఆలస్యం. ఆ నాలుగు క్షణాల కోసం గట్టయ్య ఆ పొద్దున మా వరసలో కడ్డీలన్నీ విప్పించాడు. యాకయ్య యూనియన్ మనిషి. కడ్డీలు మళ్లీ పెట్టమని గట్టయ్య ముఖం మీద చేతులాడించాడు. ఇద్దరికీ రేగింది. షెడ్డంతా చూసింది. అప్పుడు యాకయ్య మగ్గం ఆగి ఉంది. నాడెను కొట్టే కర్ర విరిగితే మారుస్తున్నాడు, కొత్త కర్ర చేతిలో ఉంది. సరిగ్గా అప్పుడే నా మగ్గంలోంచి నాడె లేచి గట్టయ్య కనుబొమ్మకు తగిలింది. కిందపడ్డాక అందరూ అటు తిరిగారు. తగలడం చూసింది నేనొక్కణ్ణే.

కడ్డీ సంగతి బయటపడితే గట్టయ్య పోస్టు పోతుంది. అందుకని యాకయ్య కర్రతో కొట్టాడన్నాడు. మేనేజిమెంటుకు అదే పండుగ. యూనియన్ మనిషి ఒకడు తనంతట తానే దొరికాడు.

ఎంక్వైరీ పెట్టారు. సాక్షిని నేను.

మూడు రోజులు ఇంట్లో నెమరేసుకున్నాను. నాకు క, ప, మ కష్టమని చెప్పాను కదా. న తేలిక. అందుకే మొదటి మాట న తో వచ్చేలా పేర్చుకున్నాను: నాడె నా మగ్గంలోంచి లేచింది. ఇది ఒక్కటి బయటపడితే తక్కినవి వాటంతటవే వస్తాయనుకున్నాను.

లేబర్ ఆఫీసరు లక్ష్మీనారాయణ గదిలో కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లారు. ఆ చల్లదనంలో ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. పక్కన టైపిస్టు. బెంచీ మీద నుదుటికి కట్టుతో గట్టయ్య. గోడవారగా యాకయ్య. యూనియన్ వాళ్లను లోపలికి రానీయలేదు.

"చెప్పు దానియేలు, ఏం చూసినవ్," అన్నాడు లక్ష్మీనారాయణ.

"న... న... న..."

న కూడా మూసుకుపోయింది. టైపిస్టు వేళ్లు గాలిలో లేచి ఆగాయి. గట్టయ్య దగ్గాడు. లక్ష్మీనారాయణ తొందరేం లేదన్నాడు. అని, గడియారం చూసుకున్నాడు. అలాంటివాళ్లను నేను చాలామందిని చూశాను. తొందర లేదన్నవాడే అందరికంటే ముందు అందుకుంటాడు.

"నువ్వు అక్కడనే ఉన్నవ్ గద."

ఉన్నాను. తల ఊపాను.

"గట్టయ్యకు, యాకయ్యకు లొల్లి అయింది."

అయింది. ఊపాను.

"యాకయ్య చేతుల కర్ర ఉండె."

ఉంది. ఊపాను.

"దాంతోనే కొట్టిండు."

మూడుసార్లు కిందికీ పైకీ వెళ్లిన తల నాలుగోసారి అడ్డంగా తిరగాలంటే కొంచెం వ్యవధి కావాలి. ఆ వ్యవధి ఆ గదిలో ఎవరి దగ్గరా లేదు. నా దగ్గర కూడా. తల ఊగింది.

టైపు మిషను టకటకా కొట్టుకుంది. కాగితం నా ముందుకొచ్చింది. సంతకం పెట్టాను. ఎందుకు పెట్టావని చాలామంది అడిగారు. బయటికి పోవడానికి. అంతే. ముప్పై మూడేళ్లు మాట మాటకూ చేసిన పనే ఆ రోజూ చేశాను. కాకపోతే మిగతా రోజుల్లో నా పెసరట్టు పోయింది, ఆ రోజు ఒక మనిషి నౌకరీ పోయింది.

తలుపు దగ్గర యాకయ్య నావైపు చూశాడు. నడుము దగ్గరే, ఎవరికీ కనబడకుండా, రెండు వేళ్లు కత్తెరలా ఆడించాడు.

వారం తిరిగేసరికి యాకయ్యను డిస్మిస్ చేశారు. మర్నాడు మగ్గాలు ఆగాయి.

సమ్మె గురించి గొప్పగా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చూసింది మాత్రం వెయ్యిమంది మగవాళ్లు గేటు ముందు షామియానా కింద కూర్చుని నలభై ఒక్క రోజులు మాట్లాడటం. పదేళ్లుగా చేతులతో నాలుగు ముక్కలు చెప్పుకుని బతికినవాళ్లకు ఒక్కసారిగా నోళ్లు దొరికాయి. ఇక ఆగలేదు. కిషన్ రావు మైకు పట్టుకుంటే వాక్యం ఎక్కడ మొదలైందో చివరికి ఆయనకే గుర్తుండేది కాదు. చప్పట్లు ఎక్కడ పడితే అక్కడ ముగిసిందనుకునేవాడు.

ఆ నోళ్లలో నా కథ రోజుకొక రకంగా పెరిగింది. నాకు జాబరు పోస్టు ఇస్తామన్నారట. క్వార్టరు ఇస్తామన్నారట. గట్టయ్యా నేనూ ఒకే బుడ్డి తాగామట. నన్ను కొన్నారని అనుకోవడం నిజానికి నన్ను గౌరవించడమే. కొనేటంత విలువ నాకు అప్పటిదాకా ఎవ్వరూ కట్టలేదు.

నాకు రాయడం వచ్చు. మిషన్ స్కూల్లో అయిదు దాకా చదివాను. జరిగింది జరిగినట్టు రెండు పేజీలు రాసి లక్ష్మీనారాయణకు ఇచ్చి వచ్చాను. నాలుగు రోజులకు కాగితం తిరిగొచ్చింది. యూనియన్ వాళ్లు రాసిచ్చిందాన్ని నమ్మేది లేదని, విచారణలో నువ్వు నోటితో చెప్పిందే చెల్లుతుందని అడుగున రాసి ఉంది. నేను నోటితో చెప్పిందట.

షామియానా దగ్గరికి నేను వెళ్లలేదు. సారమ్మ మిషన్ దవాఖానలో ఆయా. ఆమె డ్యూటీకి పోయేది, నేను ఇంట్లో కూర్చునేవాణ్ణి. నల్లా దగ్గర ఆడవాళ్లు సారమ్మ బిందె వంతు రాగానే మాటలు ఆపేసేవారు. ఒక పొద్దున రంగశాయిపేట నుంచి మొగిలమ్మ నడిచి వచ్చింది. ఇంట్లోకి రాలేదు. వాకిట్లో నిలబడి సారమ్మతో అంది:

"నీ మొగని నోటికి దేవుడు తాళమేసిండు సారక్కా. గా తలకాయకు గూడ ఏస్తే అయిపోవు గద."

నేను లోపల గోడకానుకుని విన్నాను. ఇంతకంటే సరైన మాట నా గురించి ఎవరూ అనలేదు. సారమ్మ ఒప్పుకోలేదు. ఆయనను బెదిరించారని, నౌకరి తీసేస్తామన్నారని, పిల్లలు లేనోళ్లం, ఆ నౌకరొక్కటే మాకు దిక్కని, ఆయన ఏడ్చుకుంటూ సంతకం పెట్టాడని చెప్పింది. ఎవరూ బెదిరించలేదు. నేను ఏడవలేదు. నన్ను అడగకుండానే నా తరఫున నాకొక కథ కుట్టేసింది. ప్రేమతోనే కుట్టింది. మొగిలమ్మ నమ్మలేదు. నేలమీద ఉమ్మి వెళ్లిపోయింది.

ముప్పై ఆరో రోజున కిషన్ రావు మా ఇంటికి వచ్చాడు.

ఆయన వెంట ఎప్పుడూ ఇద్దరు ఉంటారు. వాళ్లను సందు చివర ఆపి ఒక్కడే వచ్చాడు. మంచం మీద కూర్చుని, చేతిలో కాగితం విప్పాడు. హైదరాబాదు నుంచి పెద్ద అధికారి వస్తున్నాడని, హనుమకొండ గెస్ట్ హౌసులో రెండు పక్షాలనూ కూర్చోబెట్టి వింటాడని, అందులో నేను నా సాక్ష్యం వెనక్కి తీసుకుంటే యాకయ్య లోపలికి వస్తాడని చెప్పాడు. కాగితం చదివాడు. దాని ప్రకారం లక్ష్మీనారాయణ నన్ను తన ఇంటికి పిలిపించుకుని, జాబరు పోస్టు ఆశపెట్టి, అబద్ధం చెప్పించాడు. అందులో నాడె లేదు. కడ్డీ లేదు. లక్ష్మీనారాయణను ఊడగొట్టడానికి కావలసినవన్నీ ఉన్నాయి.

"నువ్వేం మాట్లాడే పనే లేదు," అన్నాడు. "నేను చదువుత. గిది నిజమేనా అని ఆయన అడుగుతడు. నువ్వు తల ఊపు. గంతే. నీకు కొత్త పని గాదు గద."

సారమ్మ చాయ్ తెచ్చింది.

"గా... గార్డు క... క..." అన్నాను.

"గార్డు గావాలె. నీకు భయమైతాంది. ఇద్దరు మనుషులను నీ ఎంబడి పెడత. ఫికర్ జేయకు."

"క... క..."

"ఒప్పుకుంటడు సారూ," అంది సారమ్మ. "యాకన్న కోసం ఆయన ఏమన్న జేస్తడు. నేను చెప్త గద."

కిషన్ రావు కాగితం మడిచి, చాయ్ తాగి, నా భుజం తట్టి వెళ్లిపోయాడు. ఇరవై ఏళ్లు కార్మికుల గొంతు తానేనని చెప్పుకున్న మనిషి. ఒక కార్మికుడి గొంతు ఎలా ఉంటుందో నాలుగు క్షణాలు కూర్చుని వినలేకపోయాడు.

సారమ్మ చాటలో బియ్యం పోసుకుని గడపలో కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"నువ్వు... నువ్వు గూ... గూ..."

"నేను గూడ గెస్ట్ హౌసుకు రావాల్నా?" అంది.

నేను తల ఊపలేదు. అడ్డంగా కూడా తిప్పలేదు. ఆమెనే చూస్తూ ఉన్నాను. ఆమె ఇంకోటి అనబోయి, నా ముఖం చూసి ఆగింది. తల దించుకుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది. రాళ్లు ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతోంది. రెండుసార్లు ఆమె పెదవులు కదిలాయి. రెండుసార్లూ బిగించుకుంది. చాటలో బియ్యం సగమయ్యేసరికి నా మాట కూడా సగమైంది. చాట ఖాళీ అయ్యేసరికి పూర్తయింది.

"నువ్వు గూడ నా మాట పూర్తి చెయ్యకు."

ఆమె బియ్యం తీసుకుని లోపలికి వెళ్లింది. చాలాసేపు కుండ చప్పుడు కూడా కాలేదు. తర్వాత వచ్చి, "ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే," అంది. అని, నిలబడే ఉంది. జవాబు వచ్చేదాకా కదల్లేదు. ఆ రోజు అన్నం ఆలస్యమైంది.

హనుమకొండ గెస్ట్ హౌసులో పొడుగు బల్ల. ఒకవైపు లక్ష్మీనారాయణ, గట్టయ్య, మిల్లు వకీలు. ఇంకోవైపు కిషన్ రావు, యాకయ్య, నలుగురు యూనియన్ మనుషులు. కిటికీల బయట వందమంది. మధ్యలో హైదరాబాదు అధికారి, సన్నగా, కళ్లజోడుతో. ఆయన మొదటి మాటే సాయంత్రం కాజీపేటలో రైలుందని. నాకు లోలోపల నవ్వొచ్చింది. నా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ ఎప్పుడూ ఒక రైలుంటుంది.

కిషన్ రావు లేచి కాగితం విప్పాడు. వకీలు అడ్డుపడ్డాడు. ఎవరో రాసిన కాగితాలు పనికిరావు, సాక్షి తన నోటితో చెప్పాలన్నాడు. ఆ మాట అంటూ ఆయన లక్ష్మీనారాయణ వైపు చూసి నవ్వాడు. నోటితో చెప్పమంటే పని అయిపోయినట్టేనని వాళ్ల లెక్క. అధికారి సరేనన్నాడు. నేను లేచి నిలబడ్డాను.

వచ్చే దారిలోనే ఒకటి నిర్ణయించుకున్నాను. ఎంక్వైరీ గదిలో నేను చేసిన తప్పు నత్తి కాదు, తొందర. వాళ్ల తొందరను నాదిగా తీసుకోవడం. నత్తి నాది. తొందర వాళ్లది. ఎవరిది వాళ్లే మోసుకోవాలి.

"న... న... నాడె... నా..."

"సార్, అతను చెప్పేదేమంటే," అన్నాడు లక్ష్మీనారాయణ.

నేను ఆగాను. ఆయన ముగించేదాకా ఆగి, మళ్లీ మొదటి మాట నుంచి మొదలుపెట్టాను.

"న... నాడె... నా మ... మ..."

"మనసులో ఏమున్నదో భయం లేకుండ చెప్పు దానియేలు. మేమున్నం," అన్నాడు కిషన్ రావు.

మళ్లీ ఆగాను. మళ్లీ మొదటికి వచ్చాను. మూడోసారి వకీలు అందుకున్నాడు. మూడోసారీ మొదటికే. ఎవరు మధ్యలో చెయ్యి పెట్టినా నేను తొలి మాటకే పోతానని అధికారికి అప్పుడు అర్థమైంది. గడియారం చూసుకున్నాడు. ముఖం ఎర్రబడింది.

"ఎవ్వరూ నోరు మెదపడానికి వీల్లేదు," అన్నాడు. "ఇతను ముగించేదాకా మీలో ఎవరు మాట్లాడినా బయటికి పంపిస్తాను. నాకు రైలుంది."

వరంగల్లు, హనుమకొండ, కాజీపేట మూడు ఊళ్లలోనూ అప్పటిదాకా నాకు దొరకనిది, ఒక రైలు పుణ్యమా అని దొరికింది. నిశ్శబ్దం. దాన్ని నేను సాంతం వాడుకున్నాను. చాయ్‌ల మీద మీగడ కట్టింది. కిషన్ రావు అరచేతులు తొడల మీద రుద్దుకుంటున్నాడు. నోరు తెరవకుండా కూర్చోవడం ఆయనకు ఎంత నరకమో అప్పుడు చూశాను. చూసి సంతోషించాను. గట్టయ్య కళ్లు మూసుకున్నాడు.

నాడె నా మగ్గంలోంచి లేచింది. గార్డు కడ్డీలు గట్టయ్య విప్పిచ్చిండు. యాకయ్య కొట్టలే. నేను చూసిన. నన్ను ఎవ్వలు కొనలే, ఎవ్వలు బెదిరియ్యలే.

ఐదు మాటలు. ముప్పై ఐదు నిమిషాలు. చివరి మాటకు కిషన్ రావు ముఖం కూడా మాడిపోయింది.

అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మరి ఆ రోజు ఎందుకు తల ఊపావని అడిగాడు.

"అ... అ... అలవాటు," అన్నాను.

బయట కిటికీల దగ్గర ఎవరో నవ్వబోయి మానుకున్నారు. అధికారి కాసేపు నన్ను చూసి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నెల తర్వాత ఆ రికార్డు నేను చూశాను. "పొరపాటు" అని ఉంది. చదువుకున్నవాళ్లు రాతలో కూడా పూర్తి చేస్తారు.

నలభై రెండో రోజు మిల్లు తెరిచారు. ఒప్పందం ప్రకారం మగ్గాలన్నిటికీ కడ్డీలు తిరిగి పెడతారు. గట్టయ్యకు ఒక హెచ్చరిక కాగితం, అదే పోస్టు. యాకయ్యను తీసుకుంటారు, కానీ పర్మనెంటుగా కాదు. బద్లీగా. అంటే పర్మనెంటు వాడెవడైనా రాని రోజున, గేటు దగ్గర పేరు పిలిస్తే లోపలికి పోవాలి. పిలవకపోతే ఇంటికి పోవాలి. పదకొండేళ్ల సర్వీసు పోయింది. దీన్ని కిషన్ రావు విజయమన్నాడు. స్టేషన్ రోడ్డు పొడవునా ఊరేగింపు తీసి, దండలు వేయించుకుని, చౌరస్తాలో గంటన్నర మాట్లాడాడు. ఆ గంటన్నరలో బద్లీ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు.

నన్ను తీసెయ్యలేదు. సాక్ష్యం మార్చినందుకు లక్ష్మీనారాయణ ఇంతకంటే మంచి శిక్ష ఆలోచించాడు. మగ్గాల మీది నుంచి దించి గేటు పనిలో వేశాడు. రోజూ పొద్దున ఆరున్నరకు బద్లీల పేర్లు పిలిచే పని.

"నోరు తెరుసుడు నేర్సుకున్నవ్ గద దానియేలు," అన్నాడు నా చేతికి లిస్టు ఇస్తూ. "ఇగ రోజు తెరువు."

ఇంట్లో చెప్పాను. సారమ్మ విన్నది, చివరి దాకా. రాజీనామా ఇచ్చెయ్యమంటుందనుకున్నాను. అనలేదు. మర్నాడు ఐదింటికే లేచి నాకు రొట్టె చేసి పెట్టింది.

గేటు దగ్గర ముప్పై రెండు మంది. ఏడింటికి కూత. కూత మోగేలోపు పేరు పిలిచి, ఇత్తడి బిళ్ల చేతిలో పెట్టాలి. కూత మోగాక గేటు పడుతుంది. పిలుపు అందనివాడికి ఆ రోజు పని లేదు. లక్ష్మీనారాయణ ఆఫీసు కిటికీలో చాయ్ కప్పుతో నిలబడ్డాడు. పక్కన ఇంకో ఇద్దరు గుమస్తాలను కూడా పిలుచుకున్నాడు. సర్కసు చూడటానికి.

"కొ... కొ..."

"హాజర్," అన్నాడు కొమురెల్లి. బిళ్ల తీసుకుని పరుగెత్తాడు.

"రా... రా..."

"హాజర్." రాయమల్లు.

మంచివాళ్లు. నాకు సాయం చేస్తున్నామనుకున్నారు. వాళ్లకు పని కావాలి, కూత ముంచుకొస్తోంది. మొదటి అక్షరానికే ఎవడి పేరు వాడు లాక్కుని లోపలికి పోయాడు. ఒక అక్షరానికి ఇద్దరు హాజరన్న చోట వాళ్లలో వాళ్లే సర్దుకున్నారు. వాళ్లను తప్పు పట్టలేను. ముప్పై ఒక్క పేర్లు పిలిచాను, ఒక్కటీ పిలవలేదు. కిటికీలో నవ్వులు వినిపించాయి.

లిస్టులో చివరి పేరు మిగిలింది. కొత్తగా చేరిన బద్లీని అందరికంటే కింద రాస్తారు.

అతను గేటు స్తంభానికి రెండు గజాల ఇవతల నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు. గెస్ట్ హౌసు తర్వాత మేం కలుసుకోలేదు. గోడ గడియారంలో ఏడుకు నాలుగు నిమిషాలుంది.

"యా..."

ఆగాను. హాజరంటాడనుకున్నాను. అనలేదు. నావైపే చూస్తున్నాడు.

"యా... యా..."

గేటు కాపలావాడికి ఓపిక పోయింది. "ఏందయా, అనరాదు హాజరని. మిగిలింది నువ్వొక్కనివే గద," అన్నాడు.

"పిలుస్తాండు గద," అన్నాడు యాకయ్య. "పిలవనియ్యి."

కూత మోగితే అతను రంగశాయిపేట తిరిగి నడవాలి. మొగిలమ్మకు ముఖం చూపించాలి. రెండోసారి కూడా నా వల్లే. యా దాటింది. క దగ్గర తలుపు పడింది. నాకు తెలిసిన తలుపే. దాన్ని నెట్టకూడదు. నెడితే బిగుస్తుంది. గడియారం వైపు చూడకుండా, కిటికీ వైపు చూడకుండా, అతని ముఖం చూస్తూ నిలబడ్డాను. అతని ముఖంలో జాలి లేదు, చిరాకు లేదు. పెదవి కూడా కదల్లేదు. పదకొండేళ్లు నా చేతులను చదివిన మనిషికి నా నోట్లో ఏ అక్షరం ఎక్కడ చిక్కిందో తెలియకపోవడమేమిటి. తెలిసే ఆగాడు.

"యాక... యాకయ్య."

"హాజర్," అన్నాడు.

వచ్చి బిళ్ల తీసుకున్నాడు. అతని రెండో కాలు గేటు లోపల పడుతుండగా కూత మోగింది. కిటికీలో గుమస్తాలు వెళ్లిపోయారు.

అతను పగతో ఆగాడో, మర్యాదతో ఆగాడో నేను అడగలేదు. మర్నాడు కూడా అలాగే ఆగాడు. ఆ మర్నాడు కూడా. నెల తిరిగేసరికి అతన్ని చూసి తక్కినవాళ్లు కూడా తమ పేరు పూర్తయ్యేదాకా ఆగడం మొదలుపెట్టారు. ఇక కూతలోపు లిస్టు ముగిసేది కాదు, మగ్గాలు ఖాళీగా ఉండిపోయేవి. చివరికి లక్ష్మీనారాయణే కూతను ఏడుంబావుకు జరిపించాల్సి వచ్చింది.